పిల్లలకు కాంటాక్ట్ లెన్సులు: వయసు కన్నా ముందు అలవాట్లు చూడండి

"కళ్లజోడు వద్దు, లెన్సులు కొనిపెట్టండి" అని పిల్లలు అడగ్గానే మనకు వచ్చే మొదటి అనుమానం, ఏ వయసు నుంచి పెట్టుకోవచ్చని. దానికి ఇంత అని గట్టి లెక్కేమీ లేదు. పుట్టుకతో వచ్చిన శుక్లం తీసేసిన పసిబిడ్డలకు కూడా డాక్టర్లు లెన్సులు పెడతారు. మయోపియా (దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం) త్వరగా పెరగకుండా చూసే ప్రత్యేక లెన్సులను 8 ఏళ్ల పిల్లలకూ రాస్తున్నారు. అందుకే నా దృష్టిలో అసలు చూడాల్సింది పుట్టిన తేదీ కాదు, రోజువారీ తీరు.

చెప్పకుండానే చేతులు కడుక్కుంటారా? కళ్లజోడును ఎక్కడ పడితే అక్కడ వదిలేయకుండా డబ్బాలో పెడతారా? రాత్రి బాగా నిద్ర వస్తున్నా పళ్లు తోముకునే పడుకుంటారా? ఈ మూడో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. లెన్సులతో ఎక్కువ ప్రమాదం జరిగేది కూడా ఆ బద్ధకం వేళలోనే. లెన్సు తీయకుండా నిద్రపోతే కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొరకు ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. "ఈ ఒక్కరోజుకే కదా" అనే పిల్లలకు ఇంకొన్నాళ్లు కళ్లజోడే మేలు. ముఖ్యంగా, లెన్సులు కావాలన్న కోరిక పిల్లలదై ఉండాలి, మన ముచ్చట కాకూడదు.

తరచూ కళ్లు దురద పెట్టి నలుపుకునేవాళ్లకు ముందు అలర్జీ తగ్గాలి. ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

సరే, సిద్ధంగా ఉన్నారనుకుందాం. మొదటిసారి కళ్ల డాక్టరు దగ్గర పెట్టడం, తీయడం రెండూ పిల్లలే సొంతంగా చేసి చూపించాలి. మనం తీసిపెట్టాల్సి వస్తుంటే ఇంకా సమయం రాలేదన్నమాట. సబ్బుతో చేతులు కడిగి, నూగు రాలని గుడ్డతో తుడుచుకున్నాక లెన్సును వేలి కొన మీద పెట్టి పక్క నుంచి చూడమనండి. అంచులు గిన్నెలా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు, బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు. లెన్సు కంటి వెనక్కి వెళ్లిపోతుందేమోనని పిల్లలకు టెన్షన్ ఉంటుంది. అలా జరగదు, రెప్ప లోపలి పొర కంటిగుడ్డుకే అతుక్కుని దారి మూసేస్తుంది.

పిల్లలకైతే ఏ రోజుకారోజు పారేసే లెన్సులే మంచివని నా అభిప్రాయం. కడగడం, దాచడం అనే గొడవే ఉండదు. నెలవారీవి తీసుకుంటే మాత్రం కొత్త సొల్యూషన్ (లెన్సులు శుభ్రం చేసే ద్రవం) పోసి వేలితో రుద్ది కడగాలి, పాత సొల్యూషన్ మీదే కొత్తది పోయకూడదు. లెన్సులు దాచే డబ్బా, అంటే కేస్‌లోంచి వాటిని బయటికి తీశాక అందులోని సొల్యూషన్ పారబోసి, కొత్త సొల్యూషన్‌తోనే కడిగి బోర్లించి ఆరనివ్వాలి. మూడు నెలలకోసారైనా కేస్ మార్చాలి.

నీళ్ల విషయంలో అస్సలు సడలింపు వద్దు. కుళాయి నీళ్లలో, ఈతకొలనుల్లో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది లెన్సుతో పాటు కంటికి అంటుకుంటే నెలల తరబడి వైద్యం అవసరమవుతుంది, చూపే పోవచ్చు. కాబట్టి స్నానానికి, ఈతకు ముందే లెన్సులు తీసేయాలి. నీళ్లతో కడగడం, ఉమ్మితో తడపడం రెండూ తప్పే. టీనేజర్లు స్నేహితులతో రంగుల లెన్సులు మార్చుకుంటారు, అదీ వద్దు. పవర్ లేకపోయినా రంగుల లెన్సుకు డాక్టరు చీటీ ఉండాల్సిందే.

కళ్లజోడును మాత్రం పాత పవర్‌తో మూల పడేయకండి. లెన్సు పెట్టుకోలేని రోజులు వస్తూనే ఉంటాయి.

కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే లెన్సు తీసేయాలి. తిడతారని పిల్లలు దాచిపెడితేనే అసలు ప్రమాదం. అందుకే "పడుకునేముందు తీయడం మర్చిపోయినా నాకు చెప్పు, కోప్పడను" అని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఇంట్లో మిగిలిన చుక్కల మందు వేయకండి, అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ముదురుతుంది. తీసిన లెన్సునూ కేస్‌నూ పారేయకుండా వెంట తీసుకుని అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఏ క్రిమి పట్టిందో పరీక్షించడానికి అవి పనికొస్తాయి.