పూత ఉన్న పైపు నునుపు చెడకుండా వాడేదెలా?

వెన్నెముక దెబ్బతిని, మూత్రం తనంతట రానివాళ్లకి రోజుకి నాలుగైదుసార్లు మూత్రమార్గంలోకి సొంతంగా సన్నటి పైపు (కాథెటర్) పెట్టుకోవడం నేర్పడం వార్డులో నర్సుగా నా పని. ఈ పైపుల్లో కొన్నిటికి తడిస్తే జారే పూత ఉంటుంది. "సిస్టర్, ఖరీదు పెట్టి పూత ఉన్నదే కొన్నాం, అయినా బయటికి తీసేటప్పుడు పట్టేస్తోందంటున్నారు మా ఆయన" అని చాలామంది ఆడవాళ్లు అడుగుతుంటారు. ఎక్కువసార్లు తప్పు పైపుది కాదు. పూతకి నీళ్లు సరిగా అందలేదు, లేదా అందిన నీళ్లు ఆరిపోయాయి.

అదెలాగో కళ్లారా చూడాలంటే ఒక పైపు వృథా అయినా ఫరవాలేదనుకోండి. పూత లేని మామూలు పీవీసీ కాథెటర్ మీద నీటిచుక్క వేస్తే ఉబ్బెత్తుగా అక్కడే నిలుస్తుంది. పూత ఉన్నదాని మీద పరుచుకుంటుంది, అర నిమిషం తడిస్తే వేళ్ల మధ్య పట్టు దొరకదు. (ఇలా ముట్టుకున్న పైపు ఇక లోపల పెట్టకండి.) ఆ పూత సాధారణంగా పాలీవినైల్‌పైరోలిడోన్ అనే పదార్థం. నానబెట్టిన సబ్జా గింజ చుట్టూ జిగురు పొర వచ్చినట్టు, నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. మూత్రమార్గంలోని మెత్తటి పొరకీ ప్లాస్టిక్‌కీ మధ్య ఆ నీళ్లే అడ్డుంటాయి. అందుకే రాపిడి తగ్గుతుంది.

కాబట్టి చేతులు కడుక్కున్నాక, ప్యాకెట్‌లో నీళ్ల సంచి ఉంటే నొక్కి పగలగొట్టి, పైపు పొడవునా నీళ్లు తగిలేలా అటూ ఇటూ వంచండి. ప్యాకెట్ మీద రాసినంతసేపు, చాలావాటికి 30 సెకన్లు, ఆగండి. కొన్ని తడిపే వస్తాయి, వాటికి ఈ పని లేదు. కొస ఒక్కటే తడిపితే చాలదు: మగవాళ్లలో పైపు దాదాపు 20 సెంటీమీటర్లు లోపలికి వెళ్లాలి, మిగతా పొడవంతా పొడిగా రాసుకుంటుంది. గాజుగుడ్డతో తుడవకండి. పూత ఉన్నచోట పట్టుకోకండి, గరాటులా ఉండే చివరో, పైనున్న ప్లాస్టిక్ తొడుగో పట్టుకోండి. పైన జారుడు కోసం రాసే జెల్లీ అక్కర్లేదు.

మూత్రం ఆగాక ఇంకా అలాగే ఉంచేసి ఫోన్ చూస్తూ కూర్చోవద్దు. పూతలోని నీళ్లు చుట్టూ ఉన్న పొర లాగేసుకుంటే పూత ఆరి బంకలా అంటుకుంటుంది. పెట్టేటప్పుడు హాయిగా ఉండి తీసేటప్పుడు పట్టేయడానికి ఇదొక ముఖ్య కారణం. దీనికోసమే కొన్ని కంపెనీలు పూతలో ఉప్పు కలుపుతాయి, గాఢత మూత్రానికి దగ్గరగా ఉంటే నీళ్లు తొందరగా బయటికి పోవు. పట్టేస్తే గుంజకండి. ఊపిరి నెమ్మదిగా వదులుతూ కాసేపాగితే కండరం వదులవుతుంది, అప్పుడు మెల్లగా తీయండి.

ఆరిన పూత పైపుని మళ్లీ తడిపి వాడొద్దని ఎంత చెప్పినా తక్కువే. మొదటిసారి ఉన్న నునుపు తిరిగి రాదు. ప్యాకెట్ మీద 2 అంకెకి అడ్డగీత ఉన్న గుర్తుకి అర్థం ఒక్కసారికే అని.

రోజూ అంత ఖర్చు పెట్టలేనివాళ్లు బాధపడొద్దు. 1972లో అమెరికాలోని మిషిగన్‌లో జాక్ లాపిడెస్ అనే మూత్రవ్యాధుల డాక్టర్, ఇలా సొంతంగా పైపు పెట్టుకునే పద్ధతి గురించి రాసినప్పుడు ఇలాంటి పూతలు లేవు. శుభ్రంగా, వేళకి ఖాళీ చేయడమే ఆయన గట్టిగా చెప్పింది. మామూలు పైపుకి నునుపు జెల్లీ నుంచే రావాలి, అక్కడ పిసినారితనం పనికిరాదు. మగవాళ్లకి పైపుకి రాసిన జెల్లీ ద్వారం దగ్గరే తుడిచిపెట్టుకుపోతుంది, అందుకే మూత్రమార్గంలోకే ఎక్కించమంటాను. మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ ఉన్న జెల్లీ అయితే కొన్ని నిమిషాలు ఆగాలి, ఆ మందు పడనివాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పాలి. కొబ్బరినూనె, వాసలీన్ వద్దే వద్దు: నీళ్లలో కలవవు, లేటెక్స్ రబ్బరుని పాడుచేస్తాయి. పదేపదే నెత్తురు పడేవాళ్లకి మాత్రం, వీలైతే, పూత ఉన్నదే మేలని నా అభిప్రాయం.

ఏ రకమైనా పైపు కొస దగ్గర పక్కన ఉన్న రంధ్రాల అంచులు ఒకసారి చూడండి. గరుకుగా కనిపిస్తే పక్కన పడేయండి, చెక్కుకుపోయే అంచుని ఏ పూతా కాపాడదు. పైపు అసలు వెళ్లకపోయినా, నెత్తురు ఆగకపోయినా, చలిజ్వరం వచ్చినా ఇంట్లో ప్రయత్నాలు మానేసి వెంటనే ఆసుపత్రికి రండి.