ఛాతీ గుంటతో టీనేజ్: ఎలా నెట్టుకురావాలి

చొక్కా తీయాల్సిన ప్రతిచోటా ఏదో ఒక సాకు వెతుక్కుంటున్నావా? అయితే ఇది నీకోసమే రాస్తున్నాను. రొమ్ము మధ్య ఎముక లోపలికి పోయి గుంటలా ఉంటే దాన్ని పెక్టస్ ఎక్స్‌కవేటమ్ అంటారు. అదే ఎముక ముందుకు పొడుచుకొస్తే పెక్టస్ కారినేటమ్. నాది మొదటి రకం, మా పిన్ని కొడుకుది రెండోది. దగ్గరి బంధువుల్లో ఒకరికంటే ఎక్కువమందికి ఉండటం వింతేమీ కాదు. మా ఇద్దరి టీనేజ్ ఎప్పుడో అయిపోయింది. డాక్టర్లు చెప్పింది, మేం పడింది కలిపి ఇక్కడ పెడుతున్నాను.

నేను గట్టిగా చెప్పేది ఒకటే. అద్దం ముందు నిలబడి నీకు నువ్వే కొలుచుకోవద్దు, డాక్టర్ చేత కొలిపించుకో. అదీ ఎదుగుదల ఆగకముందే. అద్దంలో గుంట రోజుకో లోతు కనిపిస్తుంది. పైనుంచి లైటు పడితే భయమేస్తుంది, ఎదురుగా పడితే అసలేమీ లేనట్టుంటుంది. దాన్ని నమ్ముకుని నిద్ర పాడుచేసుకోవడం దండగ.

ఎందుకు వచ్చింది

పక్కటెముకల్ని రొమ్ము ఎముకతో కలిపే చోట మృదులాస్థి ఉంటుంది, అంటే కాస్త వంగే మెత్తటి ఎముక. అది ఎదగాల్సిన తీరులో ఎదగకపోతే రొమ్ము ఎముకను లోపలికో బయటికో తోసేస్తుంది. నువ్వు వంగి కూర్చున్నందుకో, బోర్లా పడుకున్నందుకో, బరువైన బ్యాగు మోసినందుకో రాలేదు. గుంట రకం దాదాపు 300 నుంచి 400 మందిలో ఒకరికి ఉంటుంది, అబ్బాయిల్లో ఎక్కువ. అంటే నీ స్కూల్లోనే ఇంకొకరు ఉండొచ్చు. వాళ్లూ నీలాగే గుండీలు మెడదాకా పెట్టుకుని తిరుగుతుంటారు, అందుకే నీ కంట పడరు.

చిన్నప్పుడు పట్టించుకోనంతగా ఉన్నది కూడా ఒక్కసారిగా పొడుగయ్యే వయసులో లోతెక్కుతుంది. పొడుచుకొచ్చే రకమైతే చాలామందికి ఆ వయసులోనే మొదటిసారి కనిపిస్తుంది. "పెరిగే వయసు కదా, అదే సర్దుకుంటుందిలే" అని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ వయసులో ఇది మామూలుగా పెరిగేదే, తగ్గేది కాదు.

ఇంట్లో ఎలా చెప్పాలి

"నా ఛాతీ బాగోలేదు" అని మొదలుపెడితే అది అందం గోలలా వినిపిస్తుంది, మాట అక్కడే ఆగిపోతుంది. "మెట్లెక్కితే మా ఫ్రెండ్స్ కంటే ముందే ఆయాసం వస్తోంది" అనో, "ఏడాదిగా ఈ ఎముక ఇంకా లోపలికి పోతోంది, ఒకసారి చెయ్యి పెట్టి చూడమ్మా" అనో చెప్పు. ఏది నిజమైతే అదే చెప్పు, లేని ఆయాసం కల్పించొద్దు.

మాటల కంటే ఫొటోలు బాగా పనిచేస్తాయి. ఒకే గోడ ముందు, ఒకే వెలుతురులో, మూడు నెలలకోసారి రెండు ఫొటోలు తీసుకో. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి. ఆ రోజు ఎత్తెంతో కూడా రాసిపెట్టు. మా అమ్మకు విషయం ఎక్కింది ఆ పక్కనుంచి తీసిన ఫొటోలు వరసగా చూశాకే. తర్వాత డాక్టర్ కూడా ముందు వాటినే అడిగి చూశారు.

డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది

పిల్లల సర్జన్ గానీ ఛాతీ సర్జన్ గానీ చూస్తారు. అన్ని చోట్లా వీటి మీద అనుభవం ఉన్నవాళ్లు ఉండరు కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "ఇలాంటి కేసులు చూస్తారా" అని అడిగించు. మొదట వెళ్లిన చోట ఒకాయన అరనిమిషం చూసి "జిమ్‌కెళ్లు" అని పంపేశారు నన్ను. అలా జరిగితే ఇంకొకరి దగ్గరికి వెళ్లడమే.

సీటీ గానీ ఎంఆర్ఐ గానీ తీసి హాలర్ ఇండెక్స్ అనే లెక్క కడతారు. ఛాతీ లోపలి వెడల్పును, గుంట బాగా లోతుగా ఉన్న చోట వెన్నెముకకూ రొమ్ము ఎముకకూ మధ్య ఉన్న దూరంతో భాగిస్తారు. వెడల్పు 26 సెంటీమీటర్లు, ఆ దూరం 8 సెంటీమీటర్లు అనుకో, ఇండెక్స్ 3.25. మామూలు ఛాతీకి ఇది 2.5 దగ్గర ఉంటుంది. 3.25, అంతకుమించితే తీవ్రమైనదిగా లెక్కేస్తారు. అయితే ఈ అంకె ఒక్కటే తీర్పు చెప్పదు. గుండె ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష, కొన్నిసార్లు ట్రెడ్‌మిల్ మీదో సైకిల్ మీదో చేయించే పరీక్ష కూడా ఉంటాయి. గుంట గుండెను నొక్కుతోందా, పక్కకు జరిపిందా అన్నది వాటిలో తేలుతుంది.

వెన్ను పక్కకు వంగిందేమో కూడా చూడమను, ఈ రెండూ కలిసి వస్తుంటాయి. నువ్వు వయసుకు మించిన పొడుగు, చేతులూ వేళ్లూ మరీ పొడవు, దూరంగా ఉన్నవి మసగ్గా కనిపించే చూపు సమస్య కూడా ఉందంటే మార్ఫాన్ సిండ్రోమ్ గురించి తప్పకుండా అడుగు. అది గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని బలహీనపరిచే జబ్బు. అది లేదని తేలేదాకా బరువులెత్తడం, గట్టి ఆటలు మానుకోవడమే మంచిది.

ఆడుతుంటే కళ్లు తిరిగి పడిపోవడం, పరిగెడితే ఛాతీలో నొప్పి, కారణం లేకుండా గుండె దడదడలాడటం లాంటివి ఉంటే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగొద్దు, ఆ రోజే ఇంట్లో చెప్పు.

పొడుచుకొచ్చిన ఛాతీకి బ్రేస్

ఈ రకానికి చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు. ముందువైపు ఎత్తుగా ఉన్న చోట ఒక ప్యాడ్, వీపు వైపు ఇంకో పట్టీ, రెంటినీ కలిపే లోహపు చట్రం ఉంటుంది. పళ్లకు క్లిప్పులు పెట్టినట్టే, మెల్లగా నెలల తరబడి నొక్కుతూ దారికి తెస్తుంది. ఎముక ఇంకా మెత్తగా ఉన్న వయసులో అయితేనే బాగా పనిచేస్తుంది. త్వరగా చూపించుకోమని పోరేది అందుకే.

కష్టం బ్రేస్‌తో కాదు, గంటలతో. మొదటి దశలో స్నానానికీ ఆటలకూ తప్ప రోజంతా పెట్టుకోమంటారు చాలాచోట్ల. ఛాతీ సమానమయ్యాక గంటలు తగ్గిస్తూ, ఎదుగుదల ఆగేదాకా కొనసాగిస్తారు. బాగైపోయిందని మధ్యలో పక్కన పడేస్తే ఎముక మళ్లీ ముందుకొస్తుంది.

మా తమ్ముడు నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. బ్రేస్ కింద కుట్లు లేని పల్చటి కాటన్ బనియన్ వేసుకోవాలి. ముడత పడితే ఆ ముడత దగ్గరే చర్మం ఒరుసుకుంటుంది. బ్రేస్ తీశాక ఎర్రటి మచ్చ కాసేపట్లో పోతే ఫర్వాలేదు. పోకుండా ఉండిపోయినా, చర్మం చిట్లినా బ్రేస్ తీసేసి క్లినిక్‌కి ఫోన్ చేయాలి. త్వరగా అయిపోవాలని స్క్రూలు నువ్వే బిగించుకోకూడదు. క్లాసులో బెంచీకి తగిలి టంగుమంటుంది, అందరూ తిరిగి చూస్తారు. వాడు మొదటి వారమే బ్రేస్ తీసి డెస్క్ మీద పెట్టి అందరినీ పట్టుకుని చూడనిచ్చాడు. ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. అందరికీ అంత తెగువ ఉండక్కర్లేదు, పక్కన కూర్చునేవాడికి ముందే చెప్పినా సరిపోతుంది.

గుంటకు వాక్యూమ్ బెల్

నేను వాడింది ఇదే. గంటలాంటి సిలికాన్ కప్పు, దానికో చేతిపంపు. గుంట మీద పెట్టి పంపు నొక్కుతుంటే లోపలి గాలి పోయి ఎముక పైకి లేస్తుంది. కప్పుకు పైన ఉన్న కిటికీలోంచి అది లేవడం నీ కళ్లతో చూడొచ్చు. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. తీసేశాక ఛాతీ మీద గుండ్రటి ఎర్ర ముద్ర మిగులుతుంది, లేచిన ఎముక మెల్లగా మళ్లీ దిగుతుంది. నిరాశపడకు, నెలల తరబడి వాడితేనే నిలుస్తుంది. రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున మొదలుపెట్టి, డాక్టర్ చెప్పినట్టు పెంచుకుంటూ పోవాలి.

మొదటిసారి డాక్టర్ ముందే పెట్టుకోవాలి. గాలి ఎక్కువ లాగితే చర్మం కమిలిపోతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి. రక్తం గడ్డకట్టని సమస్య, ఎముకలు పెళుసుగా ఉండే జబ్బు, పెద్ద రక్తనాళంలో వాపు ఉన్నవాళ్లకు ఇది వద్దంటారు. అందుకే పరీక్షలు కాకుండా ఎక్కడో కొని పెట్టేసుకోవద్దు. గుంట మరీ లోతుగా ఉంటే, ఎముక గట్టిపడిపోతే దీనితో పెద్దగా ఫలితం ఉండదు.

వ్యాయామం

ఎముకను వ్యాయామం సరిచేయదు. ఈ మాట ముందే తెలిస్తే అవి చేస్తూ రోజూ అద్దం చూసుకునే బాధ తప్పుతుంది. కానీ నడక, నిలబడే తీరు మారతాయి, అది తక్కువేం కాదు. గుంట దాచుకోవాలని భుజాలు ముందుకు వంచుతాం. దాంతో వీపు గూనిగా, పొట్ట ముందుకొచ్చినట్టు, గుంట ఉన్నదాని కంటే లోతుగా కనిపిస్తుంది. దాచుకునే ప్రయత్నమే దాన్ని ఎత్తి చూపిస్తుందన్నమాట.

గోడకు వీపు, తల, మోచేతులు ఆనించి నిలబడి చేతుల్ని మెల్లగా పైకీ కిందికీ జరుపు. మొదట్లో మోచేతులు గోడను వదిలేస్తుంటాయి, వారాలు గడిచేకొద్దీ అంటుకుంటాయి. గుమ్మానికి రెండువైపులా చేతులు ఆనించి ఒక అడుగు ముందుకేస్తే ఛాతీ కండరాలు సాగుతాయి. పుషప్స్ ఒక్కటే చేస్తూ పోతే భుజాలు ఇంకా ముందుకు లాగేస్తాయి, కాబట్టి వీపు కండరాలకు పని చెప్పే రోయింగ్ లాంటివి వాటితోపాటు చేయాలి. ఛాతీ కండ పెరిగితే కొందరికి గుంట కప్పేసినట్టుంటుంది, కొందరికి ఇంకా లోతుగా కనిపిస్తుంది.

ఈత మానేయకు. అమెరికా ఈతగాడు కోడీ మిల్లర్‌కు ఛాతీ గుంట ఉంది. 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాంస్యం, మెడ్లే రిలేలో స్వర్ణం గెలిచాడు. చొక్కా లేకుండా దిగడం కష్టంగా ఉంటే ఒంటికి అతుక్కునే పొడుగు చేతుల స్విమ్ టీషర్టు వేసుకో. ఎండ కోసం వేసుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు, ఎవరూ అడగరు.

బట్టలు, మాటలు

పల్చటి టీషర్టు గుంటలోకి అతుక్కుంటుంది. కాస్త మందం గుడ్డ, జేబు ఉన్న చొక్కా, లోపల బనియన్ ఉంటే అంతగా తెలియదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక వాక్యం ముందే సిద్ధం చేసుకో. "నా ఎముక ఇలా పెరిగింది, నొప్పేం లేదు" అనేసి వేరే మాటలోకి వెళ్లిపో. వివరణ ఎంత పొడిగిస్తే ప్రశ్నలు అంత పెరుగుతాయి. అదే పనిగా ఏడిపించేవాళ్లుంటే అది వేరే సంగతి, టీచర్‌కో ఇంట్లోనో చెప్పాల్సిందే. ఎవరినీ కలవబుద్ధి కాక, నిద్ర పట్టక, చదువు మీద ధ్యాస పోతుంటే ఆ మాట కూడా డాక్టర్‌కి చెప్పు. చికిత్స నిర్ణయంలో దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

అమ్మాయిలకు ఇంకో చిక్కు ఉంది. రొమ్ము ఎముక ఒకవైపు తిరిగి ఉంటే రొమ్ములు రెండూ ఒకే తీరుగా కనిపించవు, లోపం ఎక్కడుందో తెలియక లోలోపలే కుమిలిపోతారు. పరీక్ష చేసేటప్పుడు అమ్మనో నర్సునో గదిలో ఉండమని అడిగే హక్కు నీకుంది, మొహమాటపడొద్దు.

ఆపరేషన్ మాట వస్తే

గుంటకు ఇప్పుడు ఎక్కువగా చేసేది నస్ పద్ధతి. డాక్టర్ డొనాల్డ్ నస్ 1987లో మొదలుపెట్టారు. ఛాతీ రెండు పక్కలా చిన్న కోతలు పెట్టి, వంచిన లోహపు బార్‌ను రొమ్ము ఎముక కిందుగా పోనిచ్చి తిప్పుతారు. ఎముక అక్కడికక్కడే పైకి లేస్తుంది. బార్ సుమారు మూడేళ్లు లోపలే ఉంటుంది, తర్వాత తీసేస్తారు. నికెల్ లాంటి లోహాలు ఒంటికి పడకపోతే ముందే చెప్పాలి, టైటానియం బార్ వేస్తారు.

నొప్పి ఉంటుంది, దాచను. క్లినిక్‌లో పరిచయమైన ఒకబ్బాయి మొదటి వారాల్లో తుమ్మొస్తే దిండు ఛాతీకి అదుముకునేవాడు. ఇప్పుడు చాలాచోట్ల పక్కటెముకల నరాల్ని ఆపరేషన్ సమయంలోనే చల్లబరిచి మొద్దుబారుస్తున్నారు, నొప్పి బాగా తగ్గుతుంది. ఆ చోట కొన్ని నెలలు స్పర్శ తెలియదు. వెల్లకిలా పడుకోవడం, బరువులెత్తకపోవడం, నడుము మెలితిప్పకపోవడం, భుజానికి బ్యాగు తగిలించుకోకపోవడం తప్పనిసరి. ఒకరినొకరు గుద్దుకునే ఆటలకు నెలల తరబడి సెలవు. బార్ ఉన్నట్టు చెప్పే కార్డు జేబులో ఉంచుకోవాలి. గుండెకు షాక్ ఇవ్వాల్సి వస్తే ప్యాడ్లు ఒకటి ముందు, ఒకటి వీపున పెట్టాలని అందులో రాయించాలి.

సర్జన్‌ను అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లు, లోపలికెళ్లాక ఒక్కటీ గుర్తురాదు. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? బార్ పక్కకు జరిగితే ఏం చేస్తారు? నొప్పికి ఏ పద్ధతి వాడతారు? స్కూలు ఎన్ని వారాలు పోతుంది? ఇవన్నీ అయ్యాక, అసలు చేయించుకోకపోతే ఏమవుతుందని అడుగు. నా విషయంలో "ఏమీ కాదు, ఏడాదికోసారి వచ్చి చూపించుకో" అన్నారు.