పిక్సెల్ దండ మొరాయిస్తే: ప్రోగ్రాము కన్నా ముందు వోల్టేజీ చూడండి

వినాయక చవితికి ముందు రోజు రాత్రి, విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి మండపానికి మూడు వందల పిక్సెళ్ల (విడివిడిగా రంగు మార్చుకోగల చిన్న దీపాల) దండ కట్టాం. ఇంట్లో వారం రోజులు చక్కగా ఆడిన దండే, దాన్ని ఆడించే అదే రాస్ప్‌బెర్రీ పై బోర్డు (చేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు), అదే ప్రోగ్రాము. మండపంలో స్విచ్ వేయగానే మొదటి నుంచి చివరి దాకా పిచ్చి రంగులు. ప్రోగ్రాములో ఏదో తప్పు చేశాననుకుని రాత్రి రెండింటి దాకా లాప్‌టాప్ ముందే కూర్చున్నాను. తెల్లవారుజామున మల్టీమీటర్ పెట్టి చూస్తే విషయం తెలిసింది. ఇంట్లో వాడిన పాత అడాప్టర్ లోడు మోయలేక 4.6 వోల్టులే ఇచ్చేది. మండపంలో పెట్టిన కొత్త ఎస్‌ఎంపీఎస్ (230 వోల్టుల కరెంటును 5 వోల్టులకు దించే పరికరం) 5.2 వోల్టులు ఇస్తోంది. సరఫరా బాగుపడినందువల్లే దండ చెడిపోయింది! ఎందుకో కింద చెబుతాను. ఆ రాత్రి తర్వాత నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: మీటరు చేతిలోకి తీసుకోకుండా ప్రోగ్రాము జోలికి వెళ్లకూడదు.

మీటరుతో పాటు కంటితో చూడవలసింది కూడా ఒకటి ఉంది. దండలోని ప్రతి దీపంలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. బోర్డు పంపిన సమాచారంలో మొదటి 24 బిట్లను అది తన కోసం ఉంచుకుని, మిగిలినదాన్ని పక్క దీపానికి అందిస్తుంది. బంతిలో వడ్డన లాంటిది. ఒకరు తీసుకుని పక్కవారికి అందించాలి. అందుకే లోపం దండలో ఎక్కడ మొదలైందన్నది చాలా చెబుతుంది. మొదటి దీపం నుంచే గందరగోళమైతే కారణం బోర్డు వైపు. నడుమ నుంచి మొదలైతే అక్కడి దీపం లేదా అతుకు. చివరికి పోయేకొద్దీ క్రమంగా పాడైతే కరెంటు సరఫరా. ఏదైనా విప్పే ముందు 230 వోల్టుల ప్లగ్గు పూర్తిగా తీసేయండి. ఎస్‌ఎంపీఎస్ టెర్మినళ్లు చాలావాటిలో బయటికే కనిపిస్తుంటాయి, మండపం దగ్గర పిల్లలు తిరుగుతుంటారు.

మొదటి దీపం నుంచే పిచ్చి రంగులు, వణుకు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. మా దండ దీపాల్లో ఉండే డబ్ల్యూఎస్2812బీ చిప్పు, తనకు అందే వోల్టేజీలో 0.7 వంతు దాటితేనే డేటా సంకేతాన్ని 'ఒకటి'గా గుర్తిస్తుందని దాని డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) హామీ. 5 వోల్టులకు అది 3.5. రాస్ప్‌బెర్రీ పై పిన్ను ఇచ్చేది 3.3 మాత్రమే. మా ఇంట్లో అడాప్టర్ 4.6కు దిగజారింది కాబట్టి 3.22 చాలింది, దండ ఆడింది. మండపంలో 5.2 వచ్చేసరికి 3.64 కావలసి వచ్చింది, బోర్డు అందుకోలేకపోయింది. ఇలా అంచు మీద నడిచే దండ ఒక రోజు ఆడుతుంది, ఒక రోజు ఆడదు. ఆడిన రోజున బాగుందని నమ్మడమే ప్రమాదం.

దీనికి శాశ్వతమైన మందు 74ఏహెచ్‌సీటీ125 అనే చిన్న ఐసీ (చిప్పు). దానికి 5 వోల్టులిస్తే, 3.3 వోల్టుల సంకేతాన్ని తీసుకుని 5 వోల్టుల సంకేతంగా బయటికి పంపుతుంది. 14వ కాలికి 5 వోల్టులు, 7వ కాలికి గ్రౌండ్ (మైనస్ తీగ), 2వ కాలికి బోర్డు నుంచి డేటా, 3వ కాలి నుంచి దండకు. 1వ కాలిని గ్రౌండుకు కలపడం మరచిపోతే ఐసీ నోరు తెరవదు. ఖాళీగా మిగిలిన ఇన్‌పుట్ కాళ్లను కూడా గ్రౌండుకు కలపండి. దుకాణంలో లెవల్ షిఫ్టర్ అని అడిగితే, రెండు దిశలా పనిచేసే చిన్న మాస్‌ఫెట్ బోర్డును చేతిలో పెడతారు. సెన్సర్లకు అది బాగానే ఉంటుంది. సెకనుకు 8 లక్షల బిట్లు పరుగెత్తే ఈ పనికి అది చాలదు, సంకేతపు అంచులు మొద్దుబారతాయి. ఐసీ నంబరు చెప్పే కొనండి.

పండగ రాత్రి ఐసీ దొరక్కపోతే ఒక ఉపాయం ఉంది. మొదటి దీపానికి మాత్రం 5 వోల్టుల తీగలో ఒక 1ఎన్4001 డయోడు పెట్టండి. దానికి సుమారు 4.3 వోల్టులే అందుతాయి కాబట్టి 3.3 వోల్టుల డేటాను గుర్తిస్తుంది, దాన్నే 4.3 వోల్టులతో తర్వాతి దీపానికి అందిస్తుంది. మిగిలిన దండకు మామూలుగా 5 వోల్టులే ఇవ్వాలి. ఆ రాత్రికి మండపాన్ని గట్టెక్కిస్తుంది.

వోల్టేజీ సరిపోయినా వణుకుతుంటే బోర్డు నుంచి మొదటి దీపానికి వెళ్లే తీగను చూడండి. అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. డేటా తీగ పక్కనే గ్రౌండ్ తీగ మెలివేసుకుని రావాలి, ఐసీ దగ్గర 330 నుంచి 470 ఓముల రెసిస్టర్ ఒకటి ఉండాలి.

మూడో కారణం పాటలు. అదే బోర్డు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి భక్తి పాటలు వేస్తూ, జీపీఐఓ 18 (బోర్డు మీది సంకేతాల పిన్నుల్లో ఒకటి) నుంచి దీపాలు నడిపిస్తే రెండూ ఒకే పీడబ్ల్యూఎం (సంకేతాన్ని వేగంగా ఆన్, ఆఫ్ చేసే) యంత్రాంగం కోసం పోట్లాడుకుంటాయి. పాట మొదలవగానే దీపాలు పిచ్చెక్కినట్లు ఆడితే కారణం ఇదేననుకోండి. దీపాలను జీపీఐఓ 21కి మార్చండి, లేదా కాన్ఫిగ్ ఫైలులో ఆడియోను ఆపేసి పాటలను ఫోను నుంచి వేయండి. ఎస్‌పీఐ (బోర్డు డేటా పంపే మరో మార్గం) ద్వారా జీపీఐఓ 10 వాడేవారు కోర్ ఫ్రీక్వెన్సీని రాస్ప్‌బెర్రీ పై 3లో 250 మెగాహెర్ట్జ్‌గా, రాస్ప్‌బెర్రీ పై 4లో 500గా స్థిరపరచాలి. లేకపోతే ప్రాసెసర్ వేగం మారినప్పుడల్లా రంగులు చెదురుతాయి.

ఒక్క దీపమూ వెలగదు

దండ రెండు చివరల్లో ఏది మొదలో చూడండి. పట్టీ మీద బాణం గుర్తు ఉంటుంది. డేటా ఆ దిశలోనే నడుస్తుంది. ప్లగ్గులు రెండు వైపులా ఒకేలా కనిపించే దండల్లో తిరగేసి కట్టడం చాలా తేలిక.

తర్వాత గ్రౌండ్. బోర్డుకు ఒక ఛార్జరు, దండకు వేరే ఎస్‌ఎంపీఎస్ ఉన్నప్పుడు రెండింటి గ్రౌండ్లనూ తప్పనిసరిగా కలపాలి. కలపకపోతే 3.3 వోల్టులు అన్న మాటకు అర్థమే లేదు. దేనితో పోల్చి 3.3 అని దండ అడుగుతుంది. 5 వోల్టుల తీగలను మాత్రం ఒకదానితో ఒకటి కలపకండి.

పిన్ను లెక్క కూడా తరచుగా తప్పుతుంది. జీపీఐఓ 18 అంటే బోర్డు మీద వరుసగా లెక్కిస్తే వచ్చే 18వ పిన్ను కాదు, 12వ పిన్ను. 18వది జీపీఐఓ 24. అలాగే జీపీఐఓ 21 ఉండేది 40వ పిన్ను దగ్గర, జీపీఐఓ 10 ఉండేది 19వ పిన్ను దగ్గర. పీడబ్ల్యూఎం పద్ధతికి ప్రోగ్రామును అడ్మిన్ హక్కుతో నడపాలి. రాస్ప్‌బెర్రీ పై 5 కొన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట: అందులో పిన్నులను ఆర్‌పీ1 అనే వేరే చిప్పు నడుపుతుంది కాబట్టి పాత బోర్డుల కోసం రాసిన పీడబ్ల్యూఎం పద్ధతి పనిచేయదు. ఎస్‌పీఐ మార్గం పట్టండి.

తెల్లగా వెలగాల్సింది చివరికి పసుపెక్కుతోంది

దండ మొదట పాలలా తెల్లగా ఉంటుంది, పోనుపోను పసుపు, చివరికి ఎరుపు. నీలం, ఆకుపచ్చ దీపాలు వెలగడానికి ఎరుపు కన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. వోల్టేజీ తగ్గితే నీలం ముందు కుంగుతుంది, మిగిలినవి పసుపుగా కనిపిస్తాయి. అంటే దీపాలు పాడైపోలేదు, ఆకలితో ఉన్నాయి.

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పూర్తి తెలుపులో ఒక్కో పిక్సెల్ సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది. మూడు వందలకు 18 ఆంపియర్లు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకు దాదాపు 0.0115 ఓములు. ఎస్‌ఎంపీఎస్ 5 మీటర్ల దూరంలో ఉంటే పోనూ రానూ 10 మీటర్లు, 0.115 ఓములు. దానిలో 10 ఆంపియర్లు నడిపినా 1.15 వోల్టులు దారిలోనే పోతాయి. 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరూ గమనించరు. 5 వోల్టుల్లో అది దాదాపు పావు వంతు.

కాబట్టి ఎస్‌ఎంపీఎస్‌ను దండకు వీలైనంత దగ్గర పెట్టండి, తీగను 4 చదరపు మిల్లీమీటర్లకు పెంచండి. 5 వోల్టుల దండలో ప్రతి 50 పిక్సెళ్లకు ఒకసారి విడి తీగతో కరెంటు మళ్లీ ఎక్కించండి. ఎక్కించే ప్రతి కొమ్మకూ దాని తీగకు తగిన ఫ్యూజు ఉండాలి. మండపంలో గుడ్డలు, ఎండిన కొబ్బరాకులు ఉంటాయి. తక్కువ వోల్టేజీ కదా అని అలక్ష్యం చేయకండి. 5 వోల్టులే అయినా 18 ఆంపియర్లు వదులు స్క్రూ దగ్గర ప్లాస్టిక్‌ను కరిగించేస్తాయి. సరిచేశాక దండను మొత్తం తెలుపులో పెట్టి చిట్టచివరి దీపం దగ్గర మీటరుతో కొలవండి. 4.5 కన్నా తక్కువ ఉంటే అక్కడ ఇంకో కొమ్మ కావాలి. ఎస్‌ఎంపీఎస్ శక్తిలో 80 శాతం మించి వాడకండి, ముఖ్యంగా పగటి ఎండకు కాగే రేకుల పెట్టెలో పెట్టినప్పుడు.

మళ్లీ కడితే నేనైతే 12 వోల్టుల దండే కడతాను. అదే తీగలో అదే ఒక వోల్టు పోయినా దాని చివర తెలుపు తెలుపుగానే ఉంటుంది.

సగం దాకా వెలిగి ఆగిపోయింది

పాత సీరియల్ సెట్టులో ఒక బల్బు పోతే ఆ వరుసంతా ఆరిపోయేది. ఇక్కడ పోయిన దీపం తర్వాతివే ఆరుతాయి. తప్పు చివరగా వెలుగుతున్న దీపానిది కావచ్చు, మొదట ఆరిన దీపానిది కావచ్చు. ఒకటి అందించలేకపోయిందో, రెండోది అందుకోలేకపోయిందో బయటి నుంచి తెలియదు. ముందు రెండింటి మధ్య అతుకును వేలితో కదిపి చూడండి. దండ మళ్లీ మెరిస్తే టంకం వదులైందని అర్థం. మెరవకపోతే మొదట ఆరినదాన్ని మార్చండి, ఫలితం లేకపోతే దాని ముందుదాన్ని. కొత్త దీపం అతికేటప్పుడు బాణం దిశ చూసుకోండి, అతుకు మీద హీట్ ష్రింక్ గొట్టం తొడగండి. వాన వెలిసిన మర్నాడు ఈ లోపం వస్తే ముందు ప్లగ్గుల్లో నీరు వెతకండి. ఆడ, మగ ప్లగ్గులు కలిసే చోటు కిందికి వేలాడేలా కాకుండా, దానికి ముందు తీగ కిందికి వంగేలా కడితే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తోంది

ఇది లోపం కాదు. డబ్ల్యూఎస్2812బీ రంగులను ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరుసలో తీసుకుంటుంది. ప్రోగ్రాములో రంగుల క్రమం మార్చితే సరిపోతుంది.

కదలిక తడబడుతోంది

ఒక్కో పిక్సెల్ సమాచారానికి 30 మైక్రోసెకన్లు పడతాయి. మూడు వందలకు 9 మిల్లీసెకన్లే కాబట్టి ఇబ్బంది ఉండదు. వెయ్యి పిక్సెళ్లు ఒకే తీగ మీద పెడితే 30 మిల్లీసెకన్లు, సెకనుకు 33 బొమ్మలు దాటవు. దండను రెండు డేటా తీగలుగా విడదీయండి.

దీపాలు పూర్తిగా వెలిగినప్పుడల్లా బోర్డు రీస్టార్ట్ అవుతోంది

దండ, బోర్డు ఒకే ఎస్‌ఎంపీఎస్ మీద ఉంటే, తెలుపు వెలిగిన క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. 4.63 వోల్టులకు దిగితే బోర్డు హెచ్చరిస్తుంది; తెర తగిలించి ఉంటే మెరుపు గుర్తు కనిపిస్తుంది. బోర్డుకు విడిగా ఒక మంచి ఛార్జరు పెట్టి, గ్రౌండ్ మాత్రం కలపండి. దండ మొదట్లో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టండి.

కరెంటు పోయి వచ్చిన తర్వాత బోర్డు అసలు లేవకపోతే మెమరీ కార్డు చెడి ఉండవచ్చు. రాత్రి పూట మండపం మెయిన్ స్విచ్ ఆపేసేవారికి ముందే చెప్పి ఉంచండి: ముందు బోర్డును షట్‌డౌన్ చేయాలి, దాని మీది ఆకుపచ్చ దీపం మెరవడం ఆగాకే స్విచ్ తీయాలి. పండగ మొదలవక ముందే కార్డుకు నకలు తీసి, ఎస్‌ఎంపీఎస్ పెట్టెలోనే ఒక కవరులో పెట్టి ఉంచండి.