మోంగోడీబీ డేటాబేస్‌లో ఇంగ్లిష్ చిన్న, పెద్ద అక్షరాల తేడా లేకుండా వెతికే ముందు జాగ్రత్తలు

☐ సర్వర్ వెర్షన్ 3.4 లేదా ఆ పైది కావాలి. అంతకుముందు కొలేషన్ (అక్షరాలను ఎలా పోల్చాలో చెప్పే నియమాలు) లేదు.

☐ రెజెక్స్‌కు (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) చిన్న, పెద్ద తేడా వదిలేయమనే 'ఐ' ఆప్షన్ తగిలించి సరిపెట్టకండి. ఇండెక్స్ (త్వరగా వెతకడానికి కట్టే సూచిక) ఉన్నా అందులోని కీలన్నీ తిరగేస్తుంది. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్‌లో ఐఎక్స్‌స్కాన్ (ఇండెక్స్ వాడింది) అని కనబడగానే నిశ్చింత పడొద్దు. దొరికిన డాక్యుమెంట్ ఒక్కటే, పరిశీలించిన కీలు లక్షల్లో ఉంటే పని జరగనట్టే.

☐ ఇంగ్లిష్ లొకేల్ (భాష సెట్టింగ్), స్ట్రెంత్ (పోలిక ఎంత కచ్చితంగా ఉండాలో చెప్పే అంకె) 2 ఉన్న కొలేషన్‌తో ఇండెక్స్ కట్టండి. స్ట్రెంత్ 1 అయితే é లాంటి అక్షరాల మీది గుర్తులనూ పట్టించుకోదు.

☐ క్వెరీలోనూ అదే కొలేషన్ ఇవ్వాలి. అందరూ జారేది ఇక్కడే. కలెక్షన్‌కు డిఫాల్ట్ కొలేషన్ లేనప్పుడు ఇది మరిచిపోతే ఎర్రర్ రాదు, ఆ ఇండెక్స్ పనికి రాదు, పెద్ద అక్షరంతో దాచిన పేరు చిన్న అక్షరాలతో వెతికితే దొరకదు. డిఫాల్ట్‌గా పెట్టాలంటే కలెక్షన్ సృష్టించేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చలేం.

☐ యూనిక్ ఇండెక్స్ (ఒకే విలువ రెండుసార్లు రానివ్వనిది) అయితే, చిన్న, పెద్ద అక్షరాల్లో మాత్రమే తేడా ఉన్న ఈమెయిళ్లను ముందే ఏరేయండి. లేదంటే ఇండెక్స్ కట్టడం ఈ11000 (డూప్లికేట్ ఉందనే) ఎర్రర్‌తో ఆగిపోతుంది.

☐ పేరు మొదటి అక్షరాలతో వెతకాలా? రెజెక్స్‌కు కొలేషన్ వర్తించదు. చిన్న అక్షరాల్లోకి మార్చిన నకలు ఫీల్డ్ ఉంచి, మామూలు ఇండెక్స్ వేసి, క్యారెట్ గుర్తుతో మొదలయ్యే రెజెక్స్ వాడండి. యూజర్ టైపు చేసిన చుక్క, ప్లస్‌ల ముందు బ్యాక్‌స్లాష్ తప్పనిసరి.

☐ తెలుగు లిపికి ఈ తేడానే లేదు. తెలుగు మాత్రమే ఉండే ఫీల్డ్‌కు ఇవేవీ అక్కర్లేదు.