నల్లా నీళ్లు తాగొచ్చా? రాజురా, బల్లార్‌పూర్, కిన్వట్ వైపు ఇళ్లలో పరీక్షించుకునే తీరు

ముందు గ్రామసేవక్‌నో ఊరి నీళ్లు చూసుకునే జలసురక్షక్‌నో అడగాల్సింది ఒక్కటే: మన నల్లాకు నీళ్లు ఎక్కడివి? వార్ధా, పెన్‌గంగ లాంటి నదివైతే ముఖ్యంగా చూడాల్సింది బురద, క్రిములు. ఊరి బోరువైతే వాటితో పాటు ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా చూడాలి. మహారాష్ట్రలోని చంద్రపూర్, యవత్మాళ్, నాందేడ్ జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటింది. అది కింద రాతిలోంచి కరిగి వచ్చేదే. ఎండాకాలం నది పథకం ఆగిపోతే ట్యాంకును బోరుతో నింపుతారేమో, అదీ అడగండి. వానాకాలం ఇచ్చిన రిపోర్టు మే నెల నీళ్లకు పనికిరాదు.

టీడీఎస్ మీటరు చూసి నిర్ణయం తీసుకోవద్దు. అది కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కట్టి చూపుతుంది, అంతే. 300 చూపించిన నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు, అంటే ఆఖరి హద్దుకు రెట్టింపు, ఉండొచ్చు, మురుగు కలిసి ఉండొచ్చు. ఆర్‌ఓ అమ్మేవాళ్లు గ్లాసులో కరెంటు కడ్డీలు ముంచి మట్టిరంగు తెట్టు చూపిస్తారు కదా, ఆ తెట్టు నీళ్లది కాదు, కరిగిన ఇనుప కడ్డీది. లవణాలు తక్కువున్న ఆర్‌ఓ నీళ్లలో కరెంటు సరిగా పారదు కాబట్టి అక్కడ తెట్టు రాదు. మంచి నీళ్లతోనూ ఈ గారడీ జరుగుతుంది.

క్రిముల భయం ఉందో లేదో పసిగట్టే సులువైన పరీక్ష, నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ది. ఆర్థోటాలిడిన్ (ఓటీ) అనే మందు చుక్కలతో చేస్తారు కాబట్టి ఇక్కడ దీన్ని ఓటీ టెస్ట్ అంటారు. ట్యాంకు దగ్గర కాదు, పైపు చివరనున్న ఇంటి నల్లా దగ్గర చేయాలి. నల్లాను రెండు నిమిషాలు పారనిచ్చి, కిట్ గొట్టంలో గీత వరకు నీళ్లు పట్టి, కిట్‌లో రాసినన్ని ఓటీ చుక్కలు వేసి, వెంటనే పసుపు రంగును పట్టీతో పోల్చండి. పావుగంట ఆగి చూస్తే అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగునిచ్చి ఎక్కువ ఉన్నట్టు భ్రమపెడుతుంది. ఓటీ విషం. గొట్టంలోని నీళ్లను తాగే బిందెల దగ్గర పారబోయకండి.

చివరి ఇంట్లో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. ట్యాంకు దగ్గర ఉండి చివర సున్నా వస్తే దారిలో ఎక్కడో మురుగు కలుస్తోందని అనుమానించాలి. ట్యాంకులోనే లేకపోతే తప్పు అందులో వేసే టీసీఎల్ (బ్లీచింగ్) పౌడర్‌ది కావొచ్చు. మూతి విప్పిన సంచి చంద్రపూర్ ఎండలకు కొన్ని వారాల్లోనే సత్తువ పోగొట్టుకుంటుంది.

పైపులోకి మురుగు ఎలా వస్తుందంటే, నీళ్లు ఆగిన గంటల్లో పైపు లోపల ఒత్తిడి పోయి, మోరీ పక్కనున్న లీకేజీ గుండా బయటి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే ఈ పీల్చడం ఇంకా ఎక్కువ. ఒత్తిడి చాలక గుంత తవ్వి, అందులో పైపు మూతి పెట్టుకున్న ఇళ్లు ప్రతి వీధిలో కనిపిస్తాయి. వానొస్తే ఆ గుంత నీళ్లే వీధి మొత్తానికి వెళ్తాయి. మా లెక్కన ఏ ఫిల్టరు కొనేముందైనా ఆ గుంత పూడ్చి, నల్లాను నేల మట్టం నుంచి అడుగు పైకి లేపడమే మొదటి పని.

క్లోరిన్ లేదని తేలితే, మలం కలిసిందో లేదో నలుపు రంగుతో చెప్పే హెచ్‌2ఎస్ సీసా వాడండి. గీత వరకు నీళ్లు పోసి మూత బిగించి, 30 నుంచి 37 డిగ్రీల వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నల్లబడితే తాగొద్దు. చలికాలం పొయ్యి ఉన్న గదిలో పెట్టకపోతే ఆలస్యంగా నల్లబడుతుంది, మంచివేనని పొరబడతారు. కుళ్లిన గుడ్డు వాసనొచ్చే బోరు నీళ్లు మలం కలవకపోయినా నల్లబడొచ్చు. అప్పుడు ల్యాబే దిక్కు.

ల్యాబుకు రెండు వేర్వేరు సీసాలు కావాలి. రసాయన పరీక్షకు లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. క్రిముల పరీక్షకు ల్యాబు ఇచ్చిన శుద్ధి సీసాను మాత్రం తొలవకూడదు. క్లోరిన్‌ను విరిచే మందు అందులో ముందే వేసి ఉంటుంది. దాన్ని ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చాలి. పంచాయతీ దగ్గర ఫీల్డ్ కిట్ ఉండాలి, దాన్ని వాడడం ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నేర్పించాలన్నది జల్ జీవన్ మిషన్ ఏర్పాటు. ఆ కిట్‌లో ఫ్లోరైడ్ 1.5 చుట్టుపక్కల తేలితే రంగును నమ్ముకోకుండా ల్యాబుకు పంపండి.

రిపోర్టు మరాఠీలో ఉంటుంది. చివర ‘పిణ్యాస్ యోగ్య’ అంటే తాగొచ్చు, ‘అయోగ్య’ అంటే తాగొద్దు. ఆ మాటతో సరిపెట్టుకోక అంకెలు చూడండి. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకపోవడం మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 ఆఖరి హద్దు. నైట్రేట్ 45 దాటకూడదు, దీనికి సడలింపు లేదు. నైట్రోజన్‌గా లెక్కగట్టి రాస్తే ఆ 45 దాదాపు 10 అవుతుంది. కాబట్టి ‘12’ చూసి తక్కువే అనుకోవద్దు. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు పాలపొడి కలిపే నీళ్ల విషయంలో ఇది ప్రాణం మీది సంగతి. మలం కలిసిందని చెప్పే ఇ. కోలై క్రిమి 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండకూడదు.

క్రిములకు మందు ఇంట్లోనే ఉంది. 10 గ్రాముల తాజా టీసీఎల్‌ను లీటరు నీళ్లలో కలిపి, అడుగున సున్నం దిగాక పైతేట మాత్రం తీసుకోండి. 500 లీటర్ల ట్యాంకుకు పావు లీటరు తేట పోసి, అరగంట ఆగి ఓటీ చూడండి. 0.2 కన్నా తక్కువుంటే ఇంకాస్త వేయండి. బురద నీళ్లయితే ముందు తేర్చి, గుడ్డతో వడకట్టాలి, లేకపోతే క్లోరిన్ అంతా బురదకే ఖర్చయిపోతుంది. మరిగించినా క్రిములు పోతాయి.

ఫ్లోరైడ్, నైట్రేట్‌కు మరిగించడం పనికిరాదు. ఆవిరయ్యేది నీళ్లే కాబట్టి అవి ఇంకా చిక్కబడతాయి. క్యాండిల్ ఫిల్టరు, యూవీ వాటిని తీయవు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను దించొచ్చు. కానీ పటిక మోతాదు నీళ్ల క్షారాన్ని బట్టి మారుతుంది. ల్యాబు లెక్క లేకుండా ఇంట్లో చేస్తే అల్యూమినియం మిగిలిపోతుంది. ఇంటికైతే ఆర్‌ఓ మేలు, లేదా ఫ్లోరైడ్ లేదని తేలిన వేరే బావి. తాగడానికే కాదు, అన్నం, పప్పు వండడానికీ ఆ నీళ్లే వాడాలి. ఆర్‌ఓ పొర అరిగేకొద్దీ ఫ్లోరైడ్ జారిపోతుంది, అందుకే ఏడాదికోసారి ఆర్‌ఓ నుంచి వచ్చే నీళ్లను కూడా ల్యాబుకు పంపండి.