చిన్న ఎస్‌ఎస్‌డీ నిండిపోతోందా?

పాత 1 టీబీ హార్డ్ డిస్క్ అలాగే ఉంచి విండోస్ కోసం 120 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే స్టోరేజ్) వేయించుకుంటే, కొన్నాళ్లకే సీ డ్రైవ్ (అంటే ఆ ఎస్‌ఎస్‌డీ) నిండిపోయి దాని గీత ఎర్రబడుతుంది. నా దాంట్లో నింపేసింది డౌన్‌లోడ్స్, వీడియోలే. ముందు డీ డ్రైవ్‌లో, అంటే పాత హార్డ్ డిస్క్‌లో, డౌన్‌లోడ్స్ అని కొత్త ఫోల్డర్ చేయండి. తర్వాత సీలో ఉన్న డౌన్‌లోడ్స్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ అని వెళ్లి ఆ కొత్త ఫోల్డర్ చూపించండి, అప్లై నొక్కాక పాత ఫైళ్లు కూడా మార్చాలా అని అడుగుతుంది, ఎస్ అనండి. నాకు 38 జీబీ ఖాళీ అయింది! వీడియోలు, పిక్చర్స్‌కీ ఇంతే, దేని ఫోల్డర్ దానికే. ఫోల్డర్ చేయకుండా నేరుగా డీ డ్రైవ్‌నే చూపించారంటే మాత్రం డ్రైవంతా డౌన్‌లోడ్స్ అయిపోయి, మళ్లీ విడదీయడం పెద్ద తలనొప్పి.