పెట్రోల్ ముల్లు తప్పు చూపిస్తోందా? ట్యాంకు విప్పే ముందు ఎర్త్ చూడండి

ట్యాంకు నిండా కొట్టించినా ముల్లు సగం దగ్గరే ఆగుతుంది, లేదా ఖాళీ గీత మీదే పడి ఉంటుంది. వెంటనే ఫ్లోట్ (ట్యాంకులో పెట్రోల్ మీద తేలుతూ మట్టం చెప్పే భాగం) పోయిందని ట్యాంకు విప్పేస్తారు. దయచేసి ఆగండి. కార్బురేటర్ కాలపు హోండా స్కూటర్ల సంగతి చెబుతున్నాను.

ట్యాంకు మూత బిగించి, తాళం ఆపి, ఫ్లోట్ కనెక్టర్ ఊడదీయండి. మీటర్ వైపు వెళ్లే రెండు వైర్లనీ చిన్న తీగతో కలిపాకే తాళం తిప్పండి. ముల్లు ఫుల్ వైపు లేస్తే మీటర్, వైరింగ్ బాగున్నట్టే, తప్పు ఫ్లోట్‌దే. లేవగానే తాళం ఆపేయండి.

లేవకపోతే మాత్రం మీటర్ మీదికి వెళ్లకండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఓ బండికి ఫ్లోట్ మార్చాను, మీటర్ కూడా మార్చాను, ముల్లు కదల్లేదు. చివరికి చూస్తే వైరింగ్ వైపు కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు పిన్ను నిండా చిలుము. పిన్నుతో గీకితే పచ్చటి పొడి రాలింది. ఆ మీటర్ డబ్బులు నేనే పెట్టుకున్నాను.

ఆకుపచ్చ వైరంటే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి. చిలుము పట్టిన చోట పుట్టే ఓమ్‌లు (కరెంటుకి తగిలే అడ్డు) ఫ్లోట్ ఓమ్‌లకి తోడవుతాయి. ఈ బండ్లలో ఓమ్‌లు పెరిగేకొద్దీ ముల్లు ఖాళీ వైపు దిగుతుంది, అందుకే ఉన్న పెట్రోల్ లేనట్టు కనిపిస్తుంది. ఇండికేటర్ వేసినప్పుడల్లా ముల్లు కూడా ఊగుతోందంటే ముందు ఎర్త్‌నే అనుమానించండి. తాళం ఆపి, ఆకుపచ్చ కాని రెండో వైరుని విడి తీగతో బ్యాటరీ మైనస్‌కి కలిపి, తాళం తిప్పండి. ఇప్పుడు లేచిందా, దొంగ దొరికినట్టే. సన్నటి ఎమరీ కాగితంతో పిన్ను రుద్ది, వదులైతే బిగించండి.

ఫ్లోటే పోయిందని తేలితే, ట్యాంకులో పెట్రోల్ తగ్గించి, బ్యాటరీ మైనస్ తీసి, బండిని ఆరుబయట పెట్టండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ పోతుంది. పక్కగదిలో పొయ్యి వెలుగుతున్నా ప్రమాదమే. ఇసుక బకెట్ దగ్గర ఉంచుకోండి. ఫ్లోట్‌ని ట్యాంకుకి పట్టి ఉంచే రింగు చుట్టూ మట్టి తుడిచాకే విప్పండి. బిగుసుకుపోతే ఇనుప స్క్రూడ్రైవర్ పెట్టి కొట్టకండి, ఇత్తడి కడ్డీ వాడండి. ఫ్లోట్‌ని ఏటవాలుగా తిప్పుతూ తీయాలి, లాగితే దాని కడ్డీ వంగుతుంది. బయటికొచ్చాక మల్టీమీటర్ పెట్టి ఫ్లోట్‌ని చేత్తో మెల్లగా ఎత్తండి. ఓమ్‌లు సాఫీగా మారాలి. మధ్యలో ఎగిరితే ఫ్లోట్ లోపల ఓమ్‌లు మార్చే పట్టీ అరిగింది, ఫ్లోట్ మార్చేయండి.

ఫ్లోట్‌లోకి పెట్రోల్ చేరి మునగడం అరుదు, ఊపితే తెలిసిపోతుంది. ఇంజెక్షన్ బండ్లయితే లైన్లో ప్రెజర్ ఉంటుంది, ఈ పద్ధతిలో విప్పకండి.

పాత రబ్బరు రింగు పెట్రోల్‌కి ఉబ్బిపోయి గాడిలో కూర్చోదు. కొత్తది వేసి, ట్యాంకు నింపి, తడి లేదని చూశాకే బ్యాటరీ కలపండి.